పాడ్‌కాస్ట్ సమావేశాల్లో నల్లజాతి హోస్ట్‌లు ఒకరినొకరు ఎలా వెతుక్కుంటారు? మా అక్క కోసం అడుగుతున్నాను

కత్తెర_మైకు
ఆదివారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఇక్కడ ఎక్కువగా నాయిస్ తగ్గించడం గురించో, మైకుల గురించో రాస్తుంటాను. ఈసారి వేరే విషయం.

మూడేళ్లుగా అమెరికాలో ఒక పాడ్‌కాస్ట్‌కు ఎడిటింగ్ చేస్తున్నాను. పగలు ఆఫీసు, రాత్రి పిల్లలు పడుకున్నాక ఈ పని. హోస్ట్‌లు ఇద్దరూ అక్కాచెల్లెళ్లు, బ్లాక్ అమెరికన్లు. వాళ్ల అమ్మమ్మ వంటలు, చిన్నప్పటి చర్చి, కూలగొట్టేసిన పాత పేట, అక్కడి మనుషులు, ఇవీ వాళ్లు చెప్పుకునే కబుర్లు. పెద్దావిడను నేను అక్క అనే పిలుస్తాను. ఆ మాటకు అర్థం తెలిశాక ఆవిడే అలా పిలవమంది.

పోయిన నెల అక్క నన్ను ఒక పెద్ద పాడ్‌కాస్ట్ సమావేశానికి తీసుకెళ్లింది. పేరు చెప్పను. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నాకు నవ్వుతూ బ్యాడ్జి ఇచ్చారు. నా వెనకే ఉన్న అక్కను చూసి, "కేటరింగ్ వాళ్లకు దారి అటు వైపు" అన్నారు. అక్క ఏమీ అనలేదు. ఫోన్ తీసి టికెట్ చూపించింది, బ్యాడ్జి తీసుకుంది, మెడలో వేసుకుంది. నాకైతే నోట మాట రాలేదు. ఆ షోకు ఆవిడ యజమాని, నేను గంటకింత తీసుకునే ఎడిటర్ని.

ఆ పూటంతా ఆవిడ మాట్లాడలేదు. రెండు సెషన్లు విన్నాం. వేదిక మీద వాళ్లు ఉదాహరణగా చెప్పిన షోల్లో ఒక్కటీ ఆవిడ వినే రకం కాదు. ఉసూరుమంటూ కాఫీ దగ్గరికి వచ్చాం. హాలుకు అటు చివర, నెరిసిన జడలున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆవిడా బ్లాకే. అంత దూరం నుంచి అక్కను చూసి ఒక్కసారి తల ఊపింది. అక్క కూడా ఊపింది. అంతే. పది నిమిషాల్లో ఇద్దరూ చేతులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు, ఏళ్ల తరబడి తెలిసినవాళ్లలా.

ఆ రాత్రి తొమ్మిదికి హోటల్ లాబీలో కుర్చీలు దగ్గరికి లాక్కుని పద్నాలుగు మంది కూర్చున్నారు. పొద్దున వాళ్లలో ఒక్కరు కూడా అక్కకు తెలియదు. పన్నెండున్నర దాకా ఎవరూ లేవలేదు.

నా ప్రశ్న ఏమిటంటే, ఇది యాదృచ్ఛికమా, లేక వీళ్లకంటూ ఏదైనా ఏర్పాటు ఉందా? వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్తే మంచిదో కనుక్కోమని అక్క నాకు అప్పగించింది. తెలిసినవాళ్లు చెప్పండి.


తంగేడు
సోమవారం ఉదయం 6:05

చదువుతుంటే కళ్లు చెమర్చాయి. బాల్టిమోర్ దగ్గర ఉంటాను, ఆడియో నిర్మాణంలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను.

ఆ తల ఊపడం యాదృచ్ఛికం కాదు. చుట్టూ తెల్లవాళ్లే ఉన్న చోట ఒక బ్లాక్ మనిషికి ఇంకో బ్లాక్ మనిషి కనబడితే, పరిచయం లేకపోయినా అలా తల ఊపుతారు. "నిన్ను చూశాను, ఇక్కడ నువ్వు ఒక్కదానివే కాదు" అని దానికి అర్థం. బ్రిటనీ లూస్, ఎరిక్ ఎడింగ్స్ కలిసి 2017లో మొదలుపెట్టిన షోకు 'ది నాడ్' అని పేరు పెట్టింది అందుకే.

ఇక ఏర్పాటు సంగతి. ఉంది. 'ఆఫ్రోస్ అండ్ ఆడియో' అని నల్లజాతి పాడ్‌కాస్టర్ల కోసమే జరిగే పండుగ ఒకటుంది. 2018లో తాలిబ్ జాసిర్ న్యూయార్క్‌లో మొదలుపెట్టారు. తర్వాత మా బాల్టిమోర్‌లో కూడా జరిగింది. పేరులో ఆఫ్రో అంటే నల్లజాతి వారు గుండ్రంగా పెంచుకునే జుట్టు. మీ అక్కను అక్కడికి తీసుకెళ్లండి. ఏటా ఊరు, తేదీలు మారుతుంటాయి కాబట్టి ముందు వాళ్ల ప్రకటన చూసుకుని టికెట్ కొనండి.

పెద్ద సమావేశాల్లో మీరు చూసిన లాబీ కూడలి మాత్రం ఏ ప్రోగ్రామ్ పుస్తకంలోనూ ఉండదు. దాన్ని ఎవరో ఒకరు పూనుకుని చేస్తారు. మీరు చెప్పిన నెరిసిన జడల ఆవిడ లాంటివాళ్లు. వాళ్లు సెషన్లు వినడానికి కంటే ఎవరు ఒంటరిగా నిలబడ్డారో చూడటానికే ఎక్కువ తిరుగుతారు.


గుంటూరు_గొంతు
సోమవారం మధ్యాహ్నం 1:48

అన్నా, రిజిస్ట్రేషన్ దగ్గర జరిగింది చాలా బాధ కలిగించింది. కానీ ఒక సందేహం మనసులో పెట్టుకోలేక అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. పాడ్‌కాస్ట్ అంటే మైకు, గొంతు. వినేవాడికి రంగు కనబడదు కదా. మళ్లీ వేరే పండుగ, వేరే కూడలి పెట్టుకుంటే ఇంకా దూరం పెరగదా? నేను ఇప్పుడే సొంత షో మొదలుపెడుతున్నాను, నిజంగా అర్థం చేసుకోవాలని అడుగుతున్నాను.


కత్తెర_మైకు
సోమవారం రాత్రి 10:55

తమ్ముడూ, అడిగినందుకు సంతోషం. మూడేళ్ల కిందట నేనూ ఇలాగే అనుకున్నాను. ఆ లాబీలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో చెప్తాను, నువ్వే చూడు.

మొదటి అరగంట హెడ్‌ఫోన్ల గురించి. అవును, హెడ్‌ఫోన్లే. లావుపాటి జడలు, లాక్స్ (జడలు కట్టిన జుట్టు), ఎత్తుగా ముడేసిన జుట్టు ఉన్నవాళ్లకు మామూలు హెడ్‌ఫోన్ పట్టీ నడినెత్తిన కూర్చోదు. గట్టిగా నొక్కితే రెండు గంటల రికార్డింగ్ అయ్యేసరికి తలనొప్పి. ఒకావిడ పట్టీని మెడ వెనక్కి తిప్పి, కప్పులు మాత్రం చెవులకు ఆనేలా ఎలా పెట్టుకోవాలో చూపించింది. ఇంకొకావిడ పట్టీ పూర్తిగా సాగే మోడల్ ఏదో చెప్పింది. అక్క ఫోన్‌లో రాసుకుంది. మూడేళ్లుగా ఆవిడ ప్రతి రికార్డింగ్ మధ్యలో హెడ్‌ఫోన్లు తీసేస్తుంటే, వినడం మీద శ్రద్ధ లేదేమో అనుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడా చెప్పలేదు. చెప్తే విడమరచాల్సి వస్తుందని.

తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్‌ల గురించి. ఆటోమేటిక్‌గా మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లు వాళ్ల మాటను ఎంత ఘోరంగా రాస్తాయో ఒక్కొక్కరూ చదివి వినిపించారు. ఇది వాళ్ల ఊహ కాదు. 2020లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అమెజాన్, ఆపిల్, గూగుల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లవాళ్లు మాట్లాడితే సగటున నూటికి 19 మాటలు తప్పు పడ్డాయి. బ్లాక్ అమెరికన్లు మాట్లాడితే 35. అంటే నేను అక్క షోకు ట్రాన్‌స్క్రిప్ట్ దిద్దడానికి పడే కష్టం దాదాపు రెట్టింపు. దాన్ని కూడా నేను "ఆవిడ స్పష్టంగా మాట్లాడదు" అనే లెక్కలో వేసుకున్నాను. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

వినేవాడికి రంగు కనబడదన్నావు. గొంతులో యాస వినబడుతుంది కదా. మన దగ్గర మాత్రం శ్రీకాకుళం యాసకో, పాలమూరు యాసకో న్యూస్ చదివే అవకాశం ఎంతకాలం ఇచ్చారు?

ఆ రాత్రి వాళ్లు ఎవరినీ తిట్టుకోలేదు. ఎవరికీ ఏదీ మొదటి నుంచి విడమరచి చెప్పాల్సిన పని లేకుండా, కడుపునిండా పని గురించి మాట్లాడుకున్నారు. అక్క అలా మాట్లాడటం నేను మొదటిసారి చూశాను.


రేడియో_తాతయ్య
మంగళవారం ఉదయం 7:30

కాస్త పెద్ద పోస్టు. ఓపిక ఉంటే చదవండి. విజయవాడ కేంద్రం వింటూ పెరిగినవాణ్ణి, ఇప్పుడు అట్లాంటాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. రేడియో అంటే ప్రాణం.

గుంటూరు_గొంతు బాబూ, ఈ వేరే కూడళ్లు పాడ్‌కాస్ట్‌తో పుట్టినవి కావు. ఇక్కడ ఆబర్న్ అవెన్యూ అని ఒక వీధి ఉంది. అప్పట్లో నల్లజాతి వ్యాపారాలకు పట్టుగొమ్మ. ఆ వీధిలో ప్రిన్స్ హాల్ మేసానిక్ భవనంలో డబ్ల్యూఈఆర్‌డీ అనే రేడియో స్టేషన్ ఉండేది. 1949లో జెస్సీ బ్లేటన్ అనే అకౌంటెంటు 50,000 డాలర్లకు దాన్ని కొన్నారు. అమెరికాలో ఒక నల్లజాతి మనిషి సొంతం చేసుకున్న మొదటి రేడియో స్టేషన్ అది. దానికి ఏడాది ముందే మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ అనే స్టేషన్ నల్లజాతి శ్రోతల కోసం కార్యక్రమాలు మొదలుపెట్టింది కానీ దాని యజమానులు తెల్లవాళ్లు. పేరు మోసిన బ్లూస్ గాయకుడు బీబీ కింగ్ కుర్రతనంలో అక్కడ డీజేగా చేశారు.

డబ్ల్యూఈఆర్‌డీ ఉన్న భవనంలోనే కింద మార్టిన్ లూథర్ కింగ్ గారి సంస్థ ఆఫీసు. ఆయన అర్జెంటుగా ఏదైనా చెప్పాల్సి వస్తే చీపురు కర్ర తీసుకుని కప్పుకు టకటక కొట్టేవారట. పైన ఉన్న డీజే పాట ఆపి, కిటికీలోంచి మైకును తాడులా కిందికి దించేవాడట. అట్లాంటాలో ఇది ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వీధికి వెళ్లినప్పుడల్లా తలెత్తి ఆ కిటికీల వంక చూస్తాను.

ఆ కాలంలో ఊరికొక నల్లజాతి డీజే ఉంటే గొప్ప. మిగతా స్టేషన్ అంతా తెల్లవాళ్లు. జీతం ఎంత అడగాలో తెలియదు, పాటల కంపెనీల వాళ్లతో ఎలా మాట్లాడాలో తెలియదు. అందుకని 1950ల నుంచే వాళ్లు సొంతంగా సంఘం పెట్టుకుని ఏటా ఒక ఊళ్లో కలుసుకునేవారు. డబ్ల్యూఈఆర్‌డీలో పని చేసిన జాక్ గిబ్సన్ ఆ కూడికలకు ముఖ్యుడు. 'జాకీ జాక్' అంటే అందరికీ తెలుసు. ఆ సంఘమే తర్వాత నాట్రా అయింది. టెలివిజన్, రేడియో అనౌన్సర్ల జాతీయ సంఘం అన్నమాట. 1967 ఆగస్టులో వాళ్లు అట్లాంటాలోనే సమావేశమైతే, కింగ్ గారు స్వయంగా వెళ్లి మాట్లాడారు. మన జనానికి పేపరు కంటే, టీవీ కంటే మీ గొంతులే దగ్గర అని, ఉద్యమానికి మీరు చేసిన మేలు మీకే తెలియదని వాళ్లతో చెప్పారు. అప్పటికి ఆయనకు మిగిలింది ఎనిమిది నెలలు.

1975 డిసెంబర్‌లో వాషింగ్టన్‌లో 44 మంది నల్లజాతి విలేకరులు కూర్చుని ఎన్ఏబీజే పెట్టుకున్నారు. నల్లజాతి జర్నలిస్టుల జాతీయ సంఘం. ఏటా జరిగే వాళ్ల మహాసభకు ఇప్పుడు వేలమంది వస్తారు.

కాబట్టి దూరం పెరుగుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. వాళ్లు దూరం జరగలేదు. దూరం పెట్టినచోట నిలదొక్కుకోవడానికి ఒక చోటు కట్టుకున్నారు. అక్కడ నేర్చుకున్నది పట్టుకుని మళ్లీ పెద్ద హాలులోకే వెళ్లారు.


వేదిక నిర్వాహకులు
మంగళవారం ఉదయం 9:12

చర్చ బాగుంది. ఒక చిన్న మాట. నిన్న రాత్రి రెండు వ్యాఖ్యలు తొలగించాం. అమెరికాలో మనవాళ్లు కొందరు నల్లజాతి వారిని ఉద్దేశించి ఇళ్లలో వాడే ఒక మాట వాటిలో ఉంది. వాళ్ల ముందు అనలేని మాట ఇక్కడా వద్దు. బ్లాక్ అనండి, నల్లజాతి అనండి, ఆఫ్రికన్ అమెరికన్ అనండి.


వేసవిగాలి
మంగళవారం సాయంత్రం 4:40

తాతయ్య గారికి దండం. ఆ చీపురు కర్ర సంగతి మా పిల్లలకు చెప్పాను.

నేను లండన్‌లో ఉంటాను. ఇక్కడ ఇమ్రియెల్ మోర్గన్ అనే నల్లజాతి మహిళ చేసిన పని కూడా చెప్పుకోవాలి. ముందు 'షౌటౌట్ నెట్‌వర్క్' అనే పాడ్‌కాస్ట్‌ల సంస్థ నడిపారు, తర్వాత 'కంటెంట్ ఈజ్ క్వీన్' పెట్టి ఆడవాళ్ల కోసం పాడ్‌కాస్ట్ పండుగ మొదలుపెట్టారు.


నైరోబీ_పిల్ల
మంగళవారం రాత్రి 9:15

హాయ్ అందరికీ. మా నాన్నగారి వ్యాపారం వల్ల కెన్యాలో పెరిగాను, ఇప్పుడూ నైరోబీలోనే ఉంటున్నాను. ఈ చర్చ అమెరికా దగ్గరే ఆగిపోతుందేమో అని రాస్తున్నాను.

ఇక్కడ 'ఆఫ్రికా పాడ్‌ఫెస్ట్' అని ఆఫ్రికా పాడ్‌కాస్టర్ల కూడిక ఉంది. జోసెఫిన్ కరియంజాహి, మెలిస్సా ఎంబుగ్వా దాన్ని నడుపుతూ వచ్చారు. ఫిబ్రవరి 12ను ఆఫ్రికా పాడ్‌కాస్ట్ దినంగా వీళ్లే జరుపుతారు.

ఇక్కడి కూడికకూ అమెరికా కూడికకూ తేడా ఉంది. కత్తెర_మైకు గారు చెప్పినట్టు హాల్లో ఒంటరిగా అనిపించడం అనే సమస్య నైరోబీలో ఎవరికీ లేదు. అందరూ ఆఫ్రికన్లే. ఇక్కడి బాధలు వేరు. డేటా ఖరీదు. గంట ఎపిసోడ్ దింపుకోవాలంటే వినేవాడు ఆలోచిస్తాడు. విదేశీ ప్లాట్‌ఫారం నుంచి డబ్బు ఇక్కడి ఖాతాలోకి రావడం ఇంకో తలనొప్పి. షెంగ్‌లో, అంటే నైరోబీ కుర్రకారు స్వాహిలి, ఇంగ్లీషు కలిపి మాట్లాడే భాషలో షో చేస్తే, ప్లాట్‌ఫారంలో షో నమోదు చేసేటప్పుడు భాష అనే గడిలో ఏం రాయాలో తెలియదు. ఒకమ్మాయి నాతో అంది, "ప్రతిసారీ ఆ గడి దగ్గర అబద్ధం చెప్పి మొదలుపెడతాను" అని.

కాబట్టి నల్లజాతి పాడ్‌కాస్టర్లు అంటే అందరిదీ ఒకే కథ అనుకోవద్దు. కానీ అమెరికా నుంచి వచ్చిన హోస్ట్‌లను ఇక్కడ చూశాను. హాల్లోకి అడుగుపెట్టి చుట్టూ చూసి, భుజాలు దించి గట్టిగా ఊపిరి వదులుతారు. అది మాత్రం నాకు బాగా గుర్తు.


తంగేడు
మంగళవారం రాత్రి 11:02

నైరోబీ_పిల్లా, ఆ భుజాలు దించడం నేనూ చూశాను.

ఇంకో విషయం ఎవరూ ఎత్తలేదు. డబ్బు. ఈ కూడళ్లలో జరిగే అసలు మేలు అక్కడ ఉంది.

కొత్తవాళ్ల కోసం చెప్తాను. పాడ్‌కాస్ట్ యాడ్‌కు రేటు వెయ్యి డౌన్‌లోడ్‌ల లెక్కన ఇస్తారు. హోస్ట్ స్వయంగా చదివే ఒక నిమిషం యాడ్‌కు అమెరికాలో 25 డాలర్ల చుట్టుపక్కల అని చాలాకాలంగా ఒక లెక్క నడుస్తోంది. ఎపిసోడ్‌కు 10,000 మంది వింటే ఒక యాడ్‌కు 250. ఇది బయటకు చెప్పే రేటు. ఎవరికి నిజంగా ఎంత ఇస్తున్నారో ఎవరూ చెప్పరు. "మీ శ్రోతలు ఒక వర్గానికే పరిమితం" అని చెప్పి సగానికి బేరమాడటం నా చెవులతో విన్నాను. నల్లజాతి శ్రోతలు ఏం కొంటారు, ఎంత వింటారు అని పట్టించుకున్నవాళ్లే తక్కువ. శ్రోతల మీద సర్వేలు చేసే ఎడిసన్ రీసెర్చ్ వాళ్లు నల్లజాతి శ్రోతల మీద ప్రత్యేక నివేదిక మొదటిసారి వేసింది 2021లో. అప్పటికి పాడ్‌కాస్ట్ అనే పేరు పుట్టి పదిహేడేళ్లు.

లాబీలో పద్నాలుగు మంది కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు "నాకు ఇంత ఇస్తున్నారు" అని నోరు విప్పుతారు. ఆ ఒక్క మాటతో మిగతా పదమూడు మందికి తమకు ఎంత తక్కువ ముట్టిందో తెలుస్తుంది. నేను పని చేసిన ఒక షో హోస్ట్ అలాంటి కూడిక నుంచి తిరిగొచ్చిన వారానికే తన రేటు పెంచమని రాసింది. పెంచారు. మూడేళ్లుగా అడగలేదు, ఎందుకంటే అడగొచ్చని తెలియదు.


గుంటూరు_గొంతు
బుధవారం ఉదయం 8:20

తాతయ్య గారి పోస్టు రెండుసార్లు చదివాను. నా ప్రశ్నకు జవాబు దొరికింది, నేను అడిగిన తీరు తప్పని కూడా అర్థమైంది. మా నాన్న మొదటిసారి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరినప్పుడు, మధ్యాహ్నం భోజనానికి మా వైపువాళ్లు నలుగురు ఒక బల్ల దగ్గర చేరేవారని చెప్పేవాడు. అక్కడే సెలవులు ఎలా అడగాలో, ఎవరితో జాగ్రత్తగా ఉండాలో నేర్చుకున్నాడట. అదీ ఇదీ ఒకటే అనడం లేదు, వాళ్లు మోసిన బరువు వేరు. కానీ ఆ బల్ల లేకపోతే నాన్న ఆరు నెలలు కూడా ఉండేవాడు కాదేమో.

ఇంకో సందేహం. మనలాంటివాళ్లం ఆ పండుగలకు వెళ్లొచ్చా?


తంగేడు
బుధవారం ఉదయం 8:51

టికెట్ ఎవరైనా కొనొచ్చు. వెళ్తే వినడానికి వెళ్లు. అక్కడ మైకు అందుకుని "మా ఇండియన్లకు కూడా ఇలాగే" అని మొదలుపెట్టకు, ఆ మాట ఇక్కడ చెప్పు చాలు. రాత్రి చిన్న కూడికలు వాళ్లకోసం వాళ్లు పెట్టుకున్నవి, పిలిస్తే తప్ప వెళ్లొద్దు. కుర్చీలు సర్దడానికో, రికార్డింగ్ చూసుకోవడానికో మనిషి కావాలంటే ముందుకు రా. నేను మొదటిసారి కేబుళ్లు చుడుతూనే చాలామందితో స్నేహం చేశాను.


రేడియో_తాతయ్య
బుధవారం మధ్యాహ్నం 12:10

బాగా చెప్పావమ్మా.

సమావేశానికి వెళ్లే స్తోమత లేనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. విమానం, హోటల్, టికెట్ కలిపితే తక్కువేం కాదు. ఇంట్లో కూర్చునే జనాన్ని పోగేసినవాళ్లు ఉన్నారు. నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో రాడ్, కరెన్ అనే భార్యాభర్తలు 2010 నుంచి 'ది బ్లాక్ గై హూ టిప్స్' నడుపుతున్నారు. వినేవాళ్లతో వాళ్లకు ఉన్న బంధం చుట్టాలతో ఉన్నట్టు ఉంటుంది. బెర్రీ అనే ఆవిడ 'పాడ్‌కాస్ట్స్ ఇన్ కలర్' పేరుతో నల్లజాతి వారు, ఇతర వర్ణాల వారు చేసే షోలన్నిటికీ ఒక పట్టిక కట్టింది. ఏ కంపెనీ చెప్పలేదు, తనే కూర్చుని ఒక్కో షో వెతికి చేర్చింది. అప్పట్లో "నల్లవాళ్లు పాడ్‌కాస్ట్‌లు చేస్తారా?" అని అడిగేవారికి ఆ పట్టిక చూపిస్తే సరిపోయేది.

రెజీ ఓసే గారిని కూడా తలుచుకోవాలి. కాంబాట్ జాక్ అంటే తెలుస్తుంది. హిప్ హాప్ కళాకారుల లాయరుగా పని చేసి, 2010లో మైకు ముందుకొచ్చాడు. క్రిస్ మారోతో కలిసి లౌడ్ స్పీకర్స్ నెట్‌వర్క్ అనే పాడ్‌కాస్ట్‌ల సంస్థ పెట్టాడు. కిడ్ ఫ్యూరీ, క్రిసెల్ 2013లో మొదలుపెట్టిన 'ది రీడ్' అనే షో ఆ గొడుగు కిందే పెరిగింది. తాను పేరు తెచ్చుకున్నాక తలుపు మూసుకోకుండా, తర్వాతివాళ్లను లోపలికి లాగినవాడు. 2017 డిసెంబర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. ఇంకా చాలా చేయాల్సినవాడు.


కత్తెర_మైకు
గురువారం రాత్రి 11:40

అందరికీ ధన్యవాదాలు. మీ పోస్టులన్నీ ఇంగ్లీషులో చెప్పి అక్కకు వినిపించాను. తాతయ్య గారూ, నాట్రా పేరు వినగానే అక్క ఆగమంది. వాళ్ల పెదనాన్న 60లలో ఒక చిన్న స్టేషన్‌లో రాత్రి డ్యూటీ డీజేగా చేశాడట. ఇంట్లో ఆయన ఫొటో ఒకటి ఉంది, కోటు జేబుకు ఏదో బ్యాడ్జి పెట్టుకుని, వెనక ఒక హోటల్ బోర్డు. అది ఏ సందర్భంలోదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు వాళ్లమ్మకు ఫోన్ చేసి అడుగుతానంది. తెలిస్తే ఇక్కడ రాస్తాను.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను.

మొదట్లో అక్క మాట్లాడుతుంటే చెల్లెలు మధ్యమధ్యలో "మ్‌హ్మ్", "అవునే", "చెప్పు" అంటూ ఉండేది. రెండో మైకులో అవన్నీ పడేవి. నేను శుభ్రంగా కోసేసేవాణ్ణి. అడ్డు పలుకులు అనుకున్నాను. నాలుగో ఎపిసోడ్ తర్వాత అక్క ఫోన్ చేసింది. కోపంగా కాదు, మెల్లగానే అడిగింది, "మా చెల్లిని ఎందుకు గదిలోంచి బయటికి పంపేస్తున్నావు?" అని. వాళ్ల చర్చిలో పాస్టర్ ఒక మాట అంటే కూర్చున్నవాళ్లు బదులు పలుకుతారు. బదులు రాకపోతే చెప్పేవాడికి మాట సాగదు. అది ప్రసంగంలో సగం.

అప్పుడు నాకు మా ఊళ్లో చూసిన బుర్రకథ గుర్తొచ్చింది. కథకుడి పక్కన వంతలు "తందాన తాన" అనకపోతే కథ ఎక్కడ నడుస్తుంది? మా నాయనమ్మ కథ చెప్తూ నేను ఊ కొట్టకపోతే ఆపేసేది, "నిద్రపోయావా?" అని. ఇవన్నీ తెలిసి కూడా కోశాను. ఎడిటింగ్ పుస్తకాల్లో అలా నేర్పారు కాబట్టి.

లాబీలో ఆ రాత్రి నేను కాస్త దూరంగా కూర్చున్నాను. అక్క తన షో ఎలా మొదలైందో చెప్తోంది. వాళ్లమ్మ మంచాన పడ్డప్పుడు ఆవిడ చెప్పే వంటల కొలతలు పోకూడదని ఫోన్‌లో రికార్డ్ చేయడంతో మొదలైంది. ఒక్కో వాక్యానికీ చుట్టూ నుంచి "మ్‌హ్మ్" అని వస్తోంది. పదమూడు గొంతులు. అక్క గొంతు మెల్లమెల్లగా పైకి లేచింది. మూడేళ్లలో ఏ రికార్డింగ్‌లోనూ నేను వినని గొంతు అది.

వాళ్లు ఒక గ్రూపు పెట్టుకున్నారు. నెలకోసారి వీడియో కాల్, మొదటి గురువారం. ఈ రోజే మొదటిది జరిగింది. ఆ నెరిసిన జడల ఆవిడ వచ్చే ఎపిసోడ్‌లో అతిథి. ఫైళ్లు ఇందాకే వచ్చాయి. మూడు ట్రాకులు. మూడో ట్రాకులో ఆవిడ తన వంతు రాకముందు నలభై నిమిషాలు ఊ కొడుతూనే ఉంది. దాని వాల్యూమ్ కొంచెం పెంచాను.

ఆఫ్రోస్ అండ్ ఆడియో సంగతి అక్కకు చెప్పాను, తేదీలు చూసుకుంటానంది. ఈసారి నేను రావడం లేదు, చెల్లెల్ని తీసుకెళ్తోంది.


గుంటూరు_గొంతు
శుక్రవారం ఉదయం 6:58

అన్నా, ఆ ఎపిసోడ్ వచ్చాక ఇక్కడ చెప్పు, వింటాను. ఇంకో సాయం కావాలి. నా షోలో మా బాబాయి పక్కన కూర్చుని ఊ కొడుతుంటే నిన్ననే వాటన్నిటినీ తీసేశాను. అసలు ఫైలు ఇంకా ఉంది. రెండు మైకుల శబ్దం ఒకదాంట్లో ఒకటి పడకుండా ఎంత దూరంలో కూర్చోబెట్టాలి?


కత్తెర_మైకు
శుక్రవారం ఉదయం 7:15

ముందు ఆ అసలు ఫైలు ఇంకో చోట కాపీ పెట్టుకో. ఒక్కో మైకు నోటికి జానెడు దూరం, రెండు మైకుల మధ్య కనీసం దానికి మూడింతలు. బాబాయిని నీకు ఎదురుగా కూర్చోబెట్టు, పక్కన వద్దు. నీ ముఖం కనబడాలి ఆయనకు.